నూనె కాగితం మీద నేర్చిన కరాటే

పోయిన నెలలో పటాన్‌చెరులోని ఒక ఫంక్షన్ హాలులో ప్రభాకరరావుకు సన్మానం జరిగింది. పంచిపెట్టిన కరపత్రంలో అతని ఫోటో కింద ఇలా వేశారు: ‘పుట్టుకతోనే ఎడమచేతివాటం గల ఈ వీరుడు స్వయంకృషితో కరాటే నేర్చి, విదేశాలలో మన ప్రాంతం పేరు నిలబెట్టాడు.’ ఆ ఒక్క వాక్యంలో రెండు అబద్ధాలున్నాయి. ప్రభాకర్ కుడిచేత్తో రాస్తాడు, కుడిచేత్తో తింటాడు, చిన్నప్పుడు కుడిచేత్తోనే రాళ్ళు విసిరి మామిడికాయలు రాల్చేవాడు. ఇక స్వయంకృషి మాట. మొదటి రెండేళ్ళు అతనికి నేర్పింది నేను. చిన్ననాటి మిత్రుణ్నని చెప్పి నాకు కూడా మైకు ఇచ్చారు. “ప్రభాకర్ మనందరికీ గర్వకారణం” అని రెండు నిమిషాలు మాట్లాడి, చప్పట్లు కొట్టించుకొని కూర్చున్నాను. కూర్చున్నాక ఆ చప్పట్లు చేదుగా అనిపించాయి. అసలు జరిగింది తెలిసినవాళ్ళం ఇద్దరమే మిగిలాం. అతనికి రాసే అలవాటు లేదు. నాకుంది. కాలేజీ గడప తొక్కకపోయినా సంగారెడ్డి గ్రంథాలయంలో ఒక గోడ మొత్తం చదివినవాణ్ని. అందుకని ఇది నేనే రాసిపెట్టాలి. ఇందులో స్నేహం కంటే అసూయ పాలు ఎక్కువుంటుంది. ముందే చెబుతున్నాను.

మాది పటాన్‌చెరు బజారులో కిరాణా దుకాణం. ముందు దుకాణం, మధ్యలో ఇల్లు, వెనక గోదాము. బాపు తెల్లవారకముందే లేచి స్నానం చేసి, గుమ్మం ముందు నీళ్ళు చల్లి, త్రాసుకు ఊదుబత్తి చూపించి, దాన్ని కళ్ళకద్దుకున్నాకే మొదటి గిరాకీకి “ఏం గావాలె?” అనేవాడు. ఎండుమిర్చి, బెల్లం, పల్లినూనె, కొత్త గోనెసంచి కలిస్తే వచ్చే వాసన ఒకటుంటుంది. అది మా బట్టలకూ, మా అన్నానికీ, నా పుస్తకాలకూ అంటుకొని ఉండేది. నాయనమ్మ పగలంతా గోదాము గడపలో కూర్చుని చింతపండులో గింజలు తీసేది. పొట్లాలు కట్టడానికి పాత పుస్తకాలు పట్నం నుంచి కట్టలుగా వచ్చేవి. నా చదువు అక్కడ మొదలైంది. మొదటి పేజీ లేనివి, చివరి పేజీ లేనివి, మధ్యలో చిరిగినవి, ఏది దొరికితే అది చదివేవాణ్ని. “గిరాకీ నిలవడ్డది, నువ్వు కాయితం సదువుతున్నవా? సదివి కట్టు, లేకుంటె కట్టి ఇయ్యి. రెండు నడుమ నిలవడకు” అని బాపు అరిచేవాడు. మెట్రిక్ తర్వాత నా చదువు ఆపించాడు. వారానికోసారి సంగారెడ్డి గంజ్‌లో పప్పుల ధరలు తెలుసుకొని రమ్మని పంపేవాడు. ఆ పని గంటలో అయిపోయేది. మిగిలిన పొద్దంతా గ్రంథాలయంలోనే. ఒక చేతికింద నిఘంటువు, ఇంకో చేతికింద ఇంగ్లీషు పుస్తకం. సాయంత్రం బస్సెక్కేటప్పుడు బజారులో నా ఈడువాళ్ళందరికంటే ఒక మెట్టు పైనున్నట్టు నాకు నేనే అనుకునేవాణ్ని.

ప్రభాకర్ నాతోపాటు హైస్కూలులో చదివాడు. వాళ్ళది గుడివాడ వైపు. తండ్రికి మా దగ్గరి పెద్ద ప్లాంటులో ఫిట్టరుగా ఉద్యోగం వచ్చి, క్వార్టరు దొరకక బీరంగూడలో కిరాయికి ఉండేవాళ్ళు. రెండే గదులు. అయినా ఆ ఇంట్లో అడుగుపెడితే నాకు అసూయ పుట్టేది. ప్లాంటు సైరన్ మోగిన అరగంటకు వాళ్ళ నాన్న సైకిల్ మీద వచ్చేవాడు. నీలం చొక్కాకి మిషను నూనె వాసన. కాళ్ళు కడుక్కొని మడతమంచం మీద ఒరిగి, కొడుకు దండీలు తీస్తుంటే చూస్తూ కూర్చునేవాడు. “ఇంకో పది తియ్యరా అబ్బాయ్, నేను లెక్కపెడతా” అనేవాడు. తండ్రి అనేవాడు అలా ఊరికే కూర్చుని కొడుకు వంక చూస్తాడని నాకు అప్పటిదాకా తెలియదు. మా బాపు నా వంక చూసేది పొట్లం వదులుగా కట్టినప్పుడే. వాళ్ళమ్మ సుభద్రమ్మగారు రోజూ వాడికి రెండు ఉడికించిన గుడ్లు, గ్లాసెడు పాలు ఇచ్చేది. “మీరు గుడ్డు ముట్టుకోరుగా భూషణం, నీకు ఉప్మా పెడతా, చెయ్యి కడుక్కో నాయనా” అనేది. ఆ ఉప్మా ఎంత బాగున్నా, నా కళ్ళు వాడి చేతుల మీదే ఉండేవి. ఒక్క ఏడాదిలో వాడి భుజాలు చొక్కా కుట్లు పిగిలేటంత పెరిగాయి. నేను పల్లికాయలాగే మిగిలాను. నాకు వాడి కంటే ఎక్కువగా ఉన్నది ఒక్కటే, పుస్తకం.

ఒకరోజు గ్రంథాలయంలో కొత్తగా వచ్చిన కట్టలో నున్నటి కాగితం మీద అచ్చయిన ఇంగ్లీషు పుస్తకం కనిపించింది. తెల్లబట్టలు వేసుకున్న జపాను మనుషులు, గాలిలో కాళ్ళు, పిడికిళ్ళు. పేరు కరాటే. ఆ మాట నేను మొదటిసారి చూడడం అప్పుడే. గ్రంథపాలకుడు ఖాదర్ సాబ్ దగ్గరికి తీసుకెళ్ళి ఇంటికి ఇమ్మని అడిగాను. “బొమ్మల పుస్తకం బయటికి ఇయ్యడానికి లేదు బేటా. గీడనే కూసోని సదువుకో. పుస్తకం యాడికి పోదు, నేనూ యాడికి పోను” అన్నాడు. ఇంటికొచ్చి ఆలోచించాను. దుకాణంలో పల్చటి కాగితం ఉంది, పల్లినూనె ఉంది. కాగితానికి గుడ్డతో నూనె పూసి, నాలుగురోజులు బస్తాల కింద నొక్కిపెట్టి, బియ్యప్పిండితో తుడిస్తే అద్దంలా తయారైంది. కింద ఏముందో పైకి కనిపిస్తుంది. ఆ వారం కట్టగా చుట్టుకొని గ్రంథాలయానికి వెళ్ళాను. ఖాదర్ సాబ్ ఒక కాగితం తీసుకొని, వేలితో రుద్ది, వాసన చూశాడు. “పల్లినూనె. కోమటోళ్ళ తెలివి! చూడు బిడ్డా, పుస్తకానికి ఒక్క మరక అంటిందో, నీ తోలు ఒలిచి దానికి అట్ట ఏస్త” అన్నాడు. అని తనే తన బల్ల మీద కిటికీ పక్కన చోటిచ్చాడు. అయిదు వారాలు కూర్చుని ముప్ఫై ఎనిమిది బొమ్మలు పెన్సిలుతో దింపుకున్నాను.

నూనె కాగితం మీద పెన్సిలు గట్టిగా పట్టుకోదు. వేలు తగిలితే చెదిరిపోతుంది. అందుకని గీసిన వైపు లోపలికి తిప్పి, సబ్బుపెట్టెల అట్టముక్కల మీద నాలుగు మూలలా మైదాబంకతో అతికించాను. గీసింది ఎలాగూ వెనకనుంచి కనిపిస్తుంది, ఇంక చెదరదు. ఎంత తెలివైన పని చేశానో అని మురిసిపోయాను. వెనకనుంచి చూస్తే కుడి ఎడమవుతుందని, ఎడమ కుడి అవుతుందని నాకు తట్టలేదు. బొమ్మల కింది పాఠం చదవలేదు కూడా. ఆ ఇంగ్లీషు నాకప్పటికి కష్టం. బొమ్మ దొరికింది కదా, మాటలతో పనేముంది అనుకున్నాను. ఇంత చదివినవాణ్ని నా జీవితంలో చదవకుండా వదిలేసిన పేజీలు అవే.

గోదాము వెనక చదును చేసి, గోనెసంచిలో ఊక కూరి వేపకొమ్మకు వేలాడదీశాం. పొద్దున్నే దుకాణం తెరవకముందు ప్రభాకర్ బీరంగూడ నుంచి పరుగెత్తుకుంటూ వచ్చేవాడు. నేను అట్టముక్క పట్టుకొని నిలబడి చెప్పేవాణ్ని, వాడు చేసేవాడు. “గట్ల కాదురా. కుడికాలు ముందల పెట్టు. ఎడమ పిడికిలి నడుము కాడ వెట్టు. ఆఁ, ఇప్పుడు ఇడువు.” “ఏరా సేటూ, కుడిచేత్తో అయితే సంచి పగిలిపోద్ది కదా. ఎడంచేత్తో ఎందుకు కొట్టాలి?” “పుస్తకంల గట్లనే ఉన్నది. జపానోళ్ళకు నీకంటె తెల్వదా?” దాంతో వాడు నోరుమూసుకొని కొట్టేవాడు. నేనూ అలాగే నేర్చుకున్నాను. సుభద్రమ్మగారు మైదాసంచుల గుడ్డతో మా ఇద్దరికీ తెల్లబట్టలు కుట్టింది. ఎంత ఉతికినా వీపు మీద మిల్లు ముద్ర లీలగా కనిపిస్తూనే ఉండేది. చొక్కా అంచు ఏది పైకి రావాలో కూడా నా బొమ్మ చూసే కట్టుకున్నాం. బాపు ఒకసారి గోదాములోకి వచ్చి చూసి, “తన్నుకునుడుకు గూడ పుస్తకమేందిరా? మా కాలంల ఊకెనే తన్నుకుంటుంటిమి” అని వెళ్ళిపోయాడు. నాయనమ్మ మాత్రం చింతపండు పక్కన పెట్టి మమ్మల్ని చూసి, “గా గుంటూరోల్ల పోరడు మంచిగ ఎగురుతుండు. నువ్వేందిరా, దోమలను కొట్టినట్టు కొడుతున్నవు?” అంది. ఆమెకు కృష్ణకు అవతలివాళ్ళంతా గుంటూరువాళ్ళే.

ఆ మాట నన్ను వదల్లేదు. గురువును నేను, పుస్తకం నాది, సంచి మాది. అయినా చూసేవాళ్ళ కళ్ళు వాడి మీదికే పోయేవి. బజారులో కూలీలు టీ తాగుతూ గోదాము గోడమీది నుంచి తొంగిచూసి, వాడు తన్నితే “శెభాష్” అనేవాళ్ళు, నేను తన్నితే టీ తాగేవాళ్ళు. రెండో ఏడు వచ్చేసరికి నేను చెప్పడం కూడా అవసరం లేకుండా పోయింది. వాడు కాలు లేపితే గాలి చీలిన చప్పుడు. కుదురుగా నిలబడ్డప్పుడు కూడా, విసరడానికి సిద్ధంగా ఉన్న రాయిలా ఉండేవాడు. ఒక్కోరోజు వాడు రాకపోతే బాగుండునని మనసులో అనుకునేవాణ్ని. వర్షం పడ్డా వచ్చేవాడు. తడిసి నవ్వుతూ, “ఏరా సేటూ, నిద్ర లేచావా లేదా” అంటూ గోదాము తలుపు కొట్టేవాడు.

అప్పుడే హైదరాబాదులో జోసెఫ్ మాస్టర్ అనే ఆయన కరాటే నేర్పుతున్నాడని, చుట్టుపక్కల ఊళ్ళవాళ్ళను పరీక్షించి ఒక్కణ్ని మాత్రం ఫీజు లేకుండా తీసుకుంటాడని ప్లాంటులో ఎవరో ప్రభాకర్ వాళ్ళ నాన్నకు చెప్పారు. నాలుగు నెలల వ్యవధి ఉంది. ఇద్దరం వెళ్దామనుకున్నాం. చోటు ఒక్కటే అని ఇద్దరికీ తెలుసు, ఒకరితో ఒకరం అనుకోలేదు. ఆ వారమే నేను గ్రంథాలయంలో మళ్ళీ ఆ పుస్తకం తెరిచాను. ఈసారి బొమ్మలు కాదు, పాఠం చదువుదామని. రెండేళ్ళలో నా ఇంగ్లీషు నయమైంది. మొదటి బొమ్మ కిందే ఉంది: ఎడమ కాలు ముందు, కుడి పిడికిలి వెనక. నిఘంటువు తప్పేమో అనుకున్నట్టు రెండుసార్లు చూశాను. తర్వాత బొమ్మ చూశాను. నిజమే, ఎడమ కాలే. రెండోది, మూడోది, పదో బొమ్మ. ముప్ఫై ఎనిమిదీ కుడిఎడమలు తారుమారే. చొక్కా అంచుతో సహా. పుస్తకం మూసి మళ్ళీ తెరిచాను. ఖాదర్ సాబ్ “ఏమైంది బేటా, పరేషాన్ అయితున్నవు?” అని అడిగాడు. ఏం లేదన్నాను.

బస్సులో వస్తూ కిటికీ పక్కన కూర్చుని ఎలా చెప్పాలో మాటలు కూర్చుకున్నాను. కంది దాటేదాకా చెబుదామనే ఉంది. రుద్రారం వచ్చేసరికి, రేపు చెబుదాంలే అనిపించింది. పటాన్‌చెరులో దిగేసరికి చెప్పకూడదని నిశ్చయమైపోయింది. అంత చిన్న దూరంలో మనిషి అలా మారిపోతాడు. మరుసటి పొద్దున వాడు ఎప్పట్లాగే కుడికాలు ముందుకు పెట్టి నిలబడితే, నేను అట్టముక్క పట్టుకొని “మంచిగున్నది” అన్నాను. వాడు వెళ్ళాక, గోదాము లోపల, బస్తాల మధ్య, తలుపు వేసుకొని ఎడమకాలు ముందుకు పెట్టి మొదటినుంచి మొదలుపెట్టాను. నాలుగు నెలలు ఒక్కరోజు మానలేదు. జపానులో పుట్టినవాడిలా నేను నిలబడతాను, పక్కన వాడు తప్పుగా నిలబడి నవ్వులపాలవుతాడు. ఆ దృశ్యం కళ్ళముందు పెట్టుకొని చేసేవాణ్ని. నా జన్మలో నేను అంత శ్రద్ధగా చేసిన పని ఇంకోటి లేదు.

పరీక్ష ఒక ఆదివారం, హైదరాబాదులో ఒక పాత హాలులో. ఇరవైమంది దాకా కుర్రాళ్ళు వచ్చారు. బట్టలు మార్చుకునేచోట నేను గోడవైపు తిరిగి, చొక్కా ఎడమ అంచు పైకి వచ్చేలా కట్టుకొని, నడికట్టు బిగించాను. ప్రభాకర్ అలవాటు ప్రకారం కట్టుకున్నాడు. వరసలో నిలబడగానే జోసెఫ్ మాస్టర్ వాడి ముందు ఆగి, అంచు పట్టుకొని లాగాడు. “క్యా మియా, మయ్యత్ హో క్యా? జపాన్‌ల శవానికి గిట్ల కడ్తరు. సచ్చి వచ్చినవా నువ్వు?” అన్నాడు. హాలంతా గొల్లుమంది. వీపు మీది మైదామిల్లు ముద్ర చూసి ఇంకోసారి నవ్వారు. తర్వాత కటా చెయ్యమన్నాడు. ఒంటరిగా వరసగా వేసే అడుగులు, దెబ్బల క్రమాన్ని కటా అంటారు. అందరూ ఒకవైపు తిరిగితే ప్రభాకర్ ఒక్కడూ రెండోవైపు తిరిగి పక్కవాణ్ని గుద్దుకున్నాడు. “పరాయి పెళ్ళిల బరాత్ ఎన్కపడి పొయ్యినోని లెక్క ఉన్నవు” అన్నాడు మాస్టర్. వాడి చెవులు ఎర్రబడ్డాయి. నా వంక చూశాడు. నేను ఎదురుగోడ చూశాను. చెప్పడానికి సిగ్గుగా ఉంది, కాని ఆ క్షణంలో నాకు కలిగినంత సంతోషం నా పెళ్ళిలో కూడా కలగలేదు.

ఆ సంతోషం అరగంట కూడా నిలవలేదు. జంటలుగా పోటీ పెట్టారు. ప్రభాకర్ కుడికాలు ముందుకు పెట్టి నిలబడగానే ఎదుటివాడు తికమకపడ్డాడు. అలా నిలబడేవాడితో వాళ్ళెవరూ ఎప్పుడూ తలపడలేదు. చెయ్యి ఎక్కడ అడ్డం పెట్టాలో తెలియదు, దెబ్బ ఎటునుంచి వస్తుందో తెలియదు. పైగా వాడికి పుట్టుకతో బలమైన కుడిచెయ్యి ఇప్పుడు ముందుంది, ఎదుటివాడికి జానెడు దూరంలో. అది ముందు తగిలేది. అది తప్పించుకునేలోపు, రెండేళ్ళు ఊకసంచిని బాది రాటుదేలిన ఎడమ పిడికిలి వెనకనుంచి వచ్చేది. ముగ్గుర్ని వరసగా కూర్చోబెట్టాడు. నేనూ ముగ్గుర్ని ఎలాగో దాటాను. చివరికి మిగిలింది మేమిద్దరం. నేను పుస్తకంలో చెప్పినట్టు, సరిగ్గా, ఎడమకాలు ముందుకు పెట్టి నిలబడ్డాను. వాడు నా కాళ్ళ వంక చూశాడు, నా చొక్కా వంక చూశాడు. మాస్టర్ చెయ్యి దించగానే నా ఒంట్లో రెండేళ్ళ పాత అలవాటు, నాలుగు నెలల కొత్త అలవాటు ఒకదాని కాళ్ళు ఒకటి తొక్కుకున్నాయి. ముందుకు పోవాలో వెనక్కి పోవాలో తేలేలోపు వాడి ఎడమ పిడికిలి నా పక్కటెముకల కింద దిగింది. నేలమీద కూర్చుండిపోయాను. ఊపిరి అందలేదు. “అంత గట్టిగ ఎందుకు కొట్టినవు? ఆపి కొట్టాలె, తెల్వదా?” అని మాస్టర్ వాణ్ని కసురుకున్నాడు. తర్వాత వాణ్నే తీసుకున్నాడు. నాతో, “నీది సాఫ్ ఉన్నది బేటా. పుస్తకం లెక్క ఉన్నది” అన్నాడు. మెచ్చుకున్నాడో లేదో నాకిప్పటికీ తెలియదు.

తర్వాతి కథ అందరికీ తెలిసిందే. ప్రభాకర్ ప్లాంటులో అప్రెంటిసుగా చేరి, షిఫ్టు దిగి బస్సెక్కి హైదరాబాదు వెళ్ళి నేర్చుకొని వచ్చేవాడు. బొంబాయిలో గెలిచాడు. మలేసియా వెళ్ళాడు, ఆ తర్వాత జపాను. నేను దుకాణంలో కూర్చున్నాను. మలేసియా నుంచి వాడు రాసిన కార్డు దుకాణానికే వచ్చింది: ‘సేటూ, ఇక్కడ అందరూ నా ఎడంచెయ్యి సంగతే అడుగుతున్నారు.’ ఆ వాక్యాన్ని ఎన్నిసార్లు చదివానో. నా తప్పు విమానమెక్కి దేశాలు తిరుగుతుంటే, నేను బెల్లం కొట్టుకుంటూ కూర్చున్నాను. గిరాకీలు ఊరుకునేవాళ్ళు కాదు. “భూషణం సేటూ, నీ దోస్తు ఫోటో పేపర్ల వడ్డదంట గద! నువ్వు గూడ ఆడితివి గద, నీది పడలే?” అనేవాళ్ళు. వాడి ఫోటో వచ్చిన ఆ పేపరు చేతిలో పట్టుకొని, వార్త అంతా చదివి, రెండుగా చింపి, అందులో అద్దశేరు బెల్లం పొట్లం కట్టి ఇచ్చాను. పొట్లం మీద వాడి మొహం పైకే వచ్చింది. పతకంతో వాడు ఊరికొచ్చినప్పుడు బీరంగూడ రోడ్డు మీద బ్యాండు పెట్టారు. నేనూ దండ పట్టుకెళ్ళి వేశాను. సుభద్రమ్మగారు నా నోట్లో మిఠాయి పెట్టి, “నీ పుస్తకం చలవే నాయనా” అంది. ఆ ఒక్క మాట ఆమె అనకుండా ఉంటే ఆ మిఠాయి మింగగలిగేవాణ్ని.

ఇప్పుడు మా గోదాము ఉన్నచోట సెల్‌ఫోన్ల దుకాణం ఉంది. బీరంగూడలో అపార్టుమెంట్ల కిందంతా కరాటే క్లాసులే. సాయంత్రమైతే రంగురంగుల నడికట్లతో పిల్లలు, బయట బండ్ల మీద కూర్చుని ఎదురుచూసే తల్లులు. గాలిలో బెల్లం వాసన పోయి, వానాకాలం పొద్దున్నే మందుల ఫ్యాక్టరీల ఘాటు కమ్ముకుంటుంది. నా మనవరాలు హర్షిత ఫోనులో చూసి ఏదైనా నేర్చుకుంటుంది, బొమ్మలో కుడిఎడమలు తారుమారైతే ఒక మీట నొక్కి తిప్పుకుంటుంది. నేను బొమ్మల కోసం అయిదు వారాలు బస్సెక్కిన సంగతి చెబితే నవ్వుతుంది. ఆ పిల్లకు అసూయ కూడా తక్కువేననిపిస్తుంది. దానికి పోటీ ప్రపంచమంతటితో. మాకు పోటీ ఒక్కడితో, పక్క ఊరివాడితో. ఒక్కడి మీద పెట్టుకున్న అసూయ చాలా ఏళ్ళు కాగుతుంది.

సన్మానం మర్నాడు పొద్దున ప్రభాకర్ మా ఇంటికి వచ్చాడు. మోకాళ్ళు అరిగిపోయాయి. ఒక్కో మెట్టూ కాసేపు ఆగి ఎక్కాడు. పైనుంచి చూస్తున్న నాకు, నా మోకాళ్ళు బాగున్నాయని ఒక సంతోషం కలిగింది. డెబ్భై దాటినా అది పోలేదు. చాయ్ తెచ్చి ఇచ్చి మా ఆవిడ లోపలికి వెళ్ళాక, ఇక ఉండబట్టలేక అనేశాను.

“ప్రభాకర్, గా బొమ్మలు ఉల్టా ఉన్నయని నాకు ముందుగాలనే తెలుసురా. హైదరాబాద్ పోకముందు నాలుగు నెలలకెల్లి తెలుసు. నీకు చెప్పలే.”

వాడు చాయ్‌లో బిస్కెట్టు ముంచుతూ, “తెలుసు” అన్నాడు.

“ఏం తెలుసు?”

“నీకు తెలుసని తెలుసు. ఆ రోజు నీ చొక్కా అంచు సరైనవైపే ఉంది కదరా. నన్ను శవంలా కట్టుకోనిచ్చి, నువ్వు మాత్రం పెళ్ళికొడుకులా కట్టుకొచ్చావు.”

“మరి కోపం రాలే?” అన్నాను.

“రాకపోవడమేవిటి? అంత గట్టిగా ఎందుకు గుద్దాననుకున్నావు? మాస్టరుగారు ఆపి కొట్టమన్నారు, నాకు ఆపబుద్ధి కాలేదు.” బిస్కెట్టు తెగి చాయ్‌లో పడింది. చెంచాతో తీసుకుంటూ నవ్వాడు. “ఆ తర్వాత ఆయన మొత్తం మార్చుకోమన్నారు రా సేటూ. కటా వరకు మార్చుకున్నాను. పోటీలో మాత్రం మార్చుకోనన్నాను. నన్ను నవ్వులపాలు చేద్దామని చూశావు కదా, దాంతోనే గెలిచి చూపిద్దామని పట్టుదల. ఎక్కడ దిగినా ఎదుటివాడి మొహం తీసేసి నీ మొహం పెట్టుకునేవాణ్ని. జపానులో కూడా నిన్నే కొట్టాను.”

“మరి పుట్టుకతోనే ఎడమచెయ్యి అని రాయించిందెవరు?”

“నేనే. ఎవరు అడిగినా అదే చెప్పా. లేకపోతే నీ సంగతి చెప్పాల్సొస్తుంది. అది నువ్వు చెప్పుకోవాల్సింది గానీ నేను చెప్పేది కాదు.”

వాడు మెట్లు దిగి వెళ్ళేదాకా పైనుంచి చూశాను. వాడు అన్ని దేశాలు తిరుగుతుంటే నేను ఇక్కడ ఎవరికీ పట్టకుండా పడి ఉన్నాననుకున్నాను. వాడు దిగిన ప్రతి బరిలోనూ నేనున్నానట. మొదట గర్వం వచ్చింది. దాని వెనకే పాత జబ్బు కూడా వచ్చింది. ఇద్దరికీ దొరికింది ఒకటే సరుకు, ఒకరి మీద ఒకరికి మంట. వాడు దాన్ని పిడికిట్లోకి తెచ్చుకున్నాడు. నేను దాన్ని గోదాములో దాచి తలుపు వేసుకున్నాను. పతకాల సంగతి ఎప్పుడో సర్దుకున్నాను. ఇది మాత్రం సర్దుకోలేకపోతున్నాను.

ఈ నాలుగు మాటలు రాయడానికి కారణమైనవాళ్ళకు దండాలు పెట్టుకోవాలి. కిటికీ పక్కన చోటిచ్చిన ఖాదర్ సాబ్‌కు, ఆ పుస్తకానికి నా చేతి మరక ఒక్కటి కూడా అంటలేదని ఇప్పుడు ఆయనకు చెప్పుకుంటున్నాను. ధరలు కనుక్కుని రావడానికి అంత పొద్దు పట్టదని తెలిసీ ఒక్కసారీ అడగని మా బాపు విశ్వనాథానికి, దోమల మాట అన్న నాయనమ్మ రాజమ్మకు, మైదాసంచులు కుట్టి ఉప్మా పెట్టిన సుభద్రమ్మగారికి, కొడుకు దండీలు లెక్కపెట్టిన ఆమె భర్త రామారావుగారికి, నన్ను పుస్తకంతో పోల్చిన జోసెఫ్ మాస్టరుకు. ఈ వయసులో ఇవన్నీ ఎందుకని అడగకుండా చాయ్ ఇస్తూపోయిన నా భార్య సులోచనకు, నా రాత చదవలేక తిట్టుకుంటూనే ఫోనులో కొట్టిపెట్టిన హర్షితకు. ఇక ప్రభాకరరావుకు. అచ్చుకు ఇవ్వకముందు ఇది అతనికి చూపించాను, ఇష్టం లేనివి కొట్టెయ్యమని ఎర్రసిరా కలం కూడా చేతికిచ్చాను. మా ఇంటి కుర్చీలో కూర్చుని, అద్దాలు పెట్టుకొని, రెండుసార్లు చదివాడు. కలం మూత తియ్యకుండానే తిరిగి ఇచ్చాడు. నేనైతే సగం కొట్టేసేవాణ్ని.